గాలికి దడి... కోడికి ఊపిరి!

డిసెంబరు వచ్చిందంటే ఉద్దానం రైతు చూపంతా జీడికొమ్మల చివరే ఉంటుంది. పూత ఎలా వస్తోంది, మంచు ఎంత పడుతోంది, టీ దోమ ఏమైనా కనిపిస్తోందా... ఇదే ధ్యాస. పెరట్లో తిరిగే పది కోళ్ల సంగతి పట్టించుకునే తీరిక ఆయనకెక్కడిది? ఆ లెక్క ఇంటావిడది. గుడ్లమ్మిన డబ్బులు ఆవిడ కొంగుముడిలోకే పోతాయి. పిల్లాడికి జ్వరమొచ్చినా, అమ్మాయికి పుస్తకాలు కావాలన్నా ముందు విప్పేది ఆ ముడే. సంక్రాంతికి అల్లుడొస్తే కోసేదీ ఆ పెరటి కోడినే.

సరిగ్గా సంక్రాంతి ముందు రోజుల్లోనే ఆ లెక్క తప్పుతుంటుంది. రాత్రి గూట్లోకి ఎక్కినప్పుడు బాగానే ఉన్న పెట్ట, తెల్లారి తలుపు తీసేసరికి మూలన ముడుచుకుని ఉంటుంది. ముక్కు కారుతుంటుంది. గొంతులో గురగుర. రెండు మూడు రోజుల్లో ఒకటి పోతుంది, దాని వెనకే ఇంకోటి. 'చలికి పోయిందమ్మా' అంటారు ఇరుగుపొరుగు. మర్నాడు గూటికి మరో గోనెపట్టా చుడతారు. ఆ మీద పాలిథిన్ కాగితం. చుట్టిన కొద్దీ కోళ్లు ఇంకా నీరసపడతాయి!

ఎందుకిలా? చలికీ గాలికీ తేడా ఉంది. ఆ గాలిలోనూ రెండు రకాలున్నాయి. ఒకటి కోడిని చంపేది, రెండోది కోడిని బతికించేది. మొదటిదాన్ని ఆపాలనే తొందరలో రెండోదాన్ని కూడా మూసేయడమే అసలు చిక్కు.

చెట్లు పోయాక...

పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి... ఈ ఊళ్లలో ఒకప్పుడు పెరటికి వేరే దడి కట్టే అవసరం పెద్దగా ఉండేది కాదు. ఇంటి చుట్టూ కొబ్బరి, దాని కింద పనస, ఆ పక్కన జీడి, తోట గట్టున మొగలి పొదలు, సముద్రం వైపు సరుగుడు. ఎటు నుంచి గాలి వచ్చినా అన్ని ఆకుల్నీ దాటుకుని వచ్చేసరికి దాని పొగరు అణిగేది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. విసురు వచ్చినప్పుడు 165 కిలోమీటర్లు. కొబ్బరి, జీడి, పనస చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి. రైతుకు పోయింది పంటే కాదు, ఇంటికున్న గాలి అడ్డు కూడా. కొబ్బరి మొక్క కాపుకు రావడానికే ఆరేడేళ్లు పడుతుంది. తాతలనాటి తోటల గుబురు మళ్లీ రావాలంటే ఒక తరం పడుతుంది. చెట్లు లేచిపోయిన పెరళ్లలో ఈలోగా శీతగాలి నేరుగా గూటి తలుపు దాకా వచ్చేస్తుంది.

ఈ గాలి వేళను బట్టి దిక్కు మారుస్తుంది. పొద్దుపోయాక నేల త్వరగా చల్లబడుతుంది. మహేంద్రగిరి వైపు కొండల మీది చల్లని గాలి బరువెక్కి, మెల్లగా తీరం వైపు దిగుతుంది. పొద్దెక్కాక నేల వేడెక్కుతుంది, అప్పుడు సముద్రం మీది తేమగాలి ఊరి మీదికి వస్తుంది. కోడికి ప్రమాదం మొదటిదానితోనే. అది కదలకుండా కూర్చునే వేళ వీచేది ఆ గాలే.

చలి కాదు, గాలి!

కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. మనకంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ. ఆ వేడిని కాపాడుకోవడానికి ప్రకృతి దానికి ఓ రగ్గు ఇచ్చింది. అవే ఈకలు. చలివేస్తే కోడి బంతిలా ఉబ్బి కూర్చుంటుంది. ఈకల సందుల్లో గాలిని పట్టి ఉంచుకుంటుంది. ఆ గాలి ఒంటివేడికి వెచ్చబడి కోడి చుట్టూ ఓ పొరలా నిలుస్తుంది. కాళ్లను పొట్ట కింద దాచుకుని, ముక్కును రెక్కలో దోపుకుంటే చాలు. తెల్లవారుజామున 15 డిగ్రీలకు పడిపోయినా ఎదిగిన నాటు కోడి హాయిగా నిద్రపోతుంది. మంచు కురిసే దేశాల్లో కోళ్లు బతకడం లేదూ!

కానీ ఆ రగ్గుకో బలహీనత ఉంది. గాలి తగిలితే ఈక లేస్తుంది. ఈక లేస్తే వెచ్చని పొర ఎగిరిపోతుంది. కోడి మళ్లీ వేడి పుట్టించుకోవాలి, మళ్లీ గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. రాత్రంతా ఇదే పని. తిన్న గింజ గుడ్డుగా మారాల్సింది పోయి, వేడి కింద ఖర్చయిపోతుంది. బయట గాలి వీచేటప్పుడు కోళ్లను గమనించండి. గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడతాయి. ఈకలు తల నుంచి తోక వైపు వాలి ఉంటాయి కదా, అలా నిలబడితే అవి ఒంటికి అతుక్కుని ఉంటాయి. ఇరుకు గూట్లో అటూ ఇటూ తిరిగే వీలుండదు. పక్క సందులోంచి వచ్చే సన్నని గాలి రాత్రంతా వీపు మీదే కొడుతుంటే కోడి ఎటు పోతుంది?

మూసేస్తే మరో ముప్పు

సరే, సందులన్నీ మూసేస్తే పోలా? అక్కడే పప్పులో కాలేస్తాం.

ఓ పెట్ట రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీళ్లు తాగుతుంది. అందులో చాలాభాగం ఊపిరితోనూ రెట్టతోనూ బయటికొస్తుంది. కోడి నిద్రలో కూడా రెట్ట వేస్తూనే ఉంటుంది. ఎనిమిది కోళ్లున్న గూటిని నాలుగు వైపులా పాలిథిన్‌తో చుట్టేస్తే ఆ తేమంతా ఎక్కడికి పోవాలి? పైకప్పుకు తగిలి చల్లబడి, చుక్కలై మళ్లీ కోళ్ల మీదే పడుతుంది. తడిసిన ఈక వెచ్చదనాన్ని పట్టి ఉంచలేదు. అంటే చలి నుంచి కాపాడబోయి కోడిని తడిపి పడుకోబెట్టినట్టే.

ఇంకోటి అమ్మోనియా. తడి రెట్టలోంచి పుట్టే ఘాటు వాయువు. మన కళ్లు మండేంత ఘాటు ఉందంటే కోడి గొంతులో అప్పటికే నష్టం మొదలైందని అర్థం. శ్వాసనాళంలో దుమ్మునూ సూక్ష్మజీవులనూ బయటికి నెట్టేసే సన్నని నూగు ఉంటుంది. అమ్మోనియా దాన్ని దెబ్బతీస్తుంది. కాపలాదారుడు పడిపోయాక దొంగ రావడం ఎంతసేపు? గురక, తుమ్ములు, ముక్కు కారడం వరసగా వచ్చేస్తాయి. 'చలికి పోయింది' అనుకునే కోళ్లలో ఊపిరాడని గూటికి పోయినవీ ఉంటాయి.

ఈ సంగతి చలిదేశాల వాళ్లు ఎప్పుడో గ్రహించారు. అమెరికాలో ప్రిన్స్ టి. వుడ్స్ అనే డాక్టరు కోళ్లకు గాలి ఆడే ఇళ్లు ఎలా కట్టాలో చెబుతూ 1924లో ఓ పుస్తకమే తెచ్చాడు. మూడు వైపులా గట్టి గోడలు, దక్షిణం వైపు తెరిచి వలకట్టిన ముఖం... ఆయన చెప్పిన ఇంటి తీరు ఇది. మంచు పడే చోటే అలాంటి ఇల్లు సరిపోయినప్పుడు, ఉద్దానం చలికి గూటిని డబ్బాలా మూసెయ్యాలా?

సూత్రం ఒక్కటే. కోడి కూర్చునే ఎత్తులో గాలి తగలకూడదు. దాని తలకు అడుగు పైన గాలి ఆడుతూ ఉండాలి. కింద మూత, పైన దారి!

అగరుబత్తీ చెబుతుంది

మీ గూడు ఎలా ఉందో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. గాలి వీస్తున్న ఓ సాయంత్రం, కోళ్లు ఎక్కకముందు, వెలిగించిన అగరుబత్తీని అవి కూర్చునే కర్ర దగ్గర పట్టుకుని చూడండి. గడ్డికీ గోనెకూ నిప్పు తగలకుండా జాగ్రత్త. పొగ అడ్డంగా కొట్టుకుపోతే ఆ ఎత్తులో గాలి దూరుతున్నట్టు. ఏ సందులోంచో వెతికి పట్టుకుని అక్కడ మట్టితోనో గోనెతోనో మూసేయాలి. పొగ అక్కడే సుడులు తిరుగుతూ నిలిచిపోతే గూటికి ఊపిరి లేనట్టు. నిదానంగా పైకి లేచి కప్పు కింది సందులోంచి బయటికి పోతే... అదీ కోడికి తగిన ఇల్లు.

తెల్లారి చేసే పరీక్షలు మరో రెండు. గూడు తెరవగానే కప్పు లోపల చెయ్యి పెట్టి రాయండి. తడి తగిలిందా, పైన దారి చాల్లేదు. ఆ తర్వాత వంగి, కోడి తల ఎత్తుకు ముక్కు పెట్టి వాసన చూడండి. నిలబడితే ఆ ఘాటు మనకు తెలియదు. కోడి పీల్చేది మన మోకాలి కింది గాలిని మరి!

దడికి సందులుండాలి

ఇక పెరటి సంగతి. గాలిని ఆపాలంటే గోడే కట్టాలనుకుంటాం. గోడకు కొట్టుకున్న గాలి దాని మీదుగా ఎగిరి, అవతల సుడితిరిగి కింద పడుతుంది. గోడ వెనకే నిలబడ్డ కోడికి దుమ్మూ ఇసుకా కళ్లలో పడేది అందుకే. తడిక అలా కాదు. సగం గాలిని ఆపి, సగాన్ని సందుల్లోంచి వదిలేస్తుంది. వదిలిన గాలి మెత్తబడి పోతుంది, సుడి తిరగదు. దాదాపు సగం మూసి, సగం సందులున్న దడి బాగా పనిచేస్తుందని గాలి అడ్డుల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. కొబ్బరాకు తడిక అల్లే ఉద్దానం చేతులకు ఇది కొత్త విద్యేమీ కాదు.

దడి ఎత్తుకు అయిదారు రెట్ల దూరం దాకా గాలి బాగా నెమ్మదిస్తుంది. నాలుగడుగుల దడి కడితే దాని వెనక ఇరవై అడుగుల మేర కోళ్లకు నీడపట్టు దొరికినట్టే. గూటికి ఆనించి కట్టకూడదు. నాలుగైదు అడుగులు వదిలి కట్టాలి. ఏ వైపు? ఉత్తరం, వాయవ్యం వైపు ముందు కట్టుకోవాలి. సముద్రానికి మరీ దగ్గరున్న ఊళ్లలో ఈశాన్యం కూడా చూసుకోవాలి. ఒక్కో పెరట్లో ఇంటి గోడకు కొట్టుకుని గాలి దారి మళ్లుతుంది కాబట్టి, కర్రకు ఓ గుడ్డపీలిక కట్టి రెండు రాత్రులు చూస్తే అదే దిక్కు చూపిస్తుంది. దక్షిణం, తూర్పు వైపులు తెరిచే ఉంచాలి. చలికాలంలో మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలే ఉంటాడు. ఆ ఎండ పెరట్లో పడాలి.

తడిక ఏడాదికో రెండేళ్లకో చివికిపోతుంది. కాబట్టి ఈ ఏడు తడిక కడుతూనే దాని వెంట గిరిపుష్పం కొమ్మలో, వావిలి కొమ్మలో గుచ్చాలి. రెండూ కొమ్మతోనే బతుకుతాయి, త్వరగా గుబురెక్కుతాయి. గట్టున ఖాళీ ఉంటే మొగలి ఎలాగూ ఉంది. తడిక పోయేనాటికి పచ్చని దడి సిద్ధంగా ఉంటుంది.

గూడు ఇలా...

ఎనిమిది కోళ్లకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. ముందువైపు నాలుగున్నర అడుగుల ఎత్తు, వెనక నాలుగడుగులు. తలుపు దక్షిణానికో ఆగ్నేయానికో పెట్టాలి. నేల నుంచి మూడడుగుల దాకా మూడు వైపులా సందు లేకుండా మూసేయాలి. చెక్కలు, మట్టి పూసిన తడిక, రేకు... ఏదైనా సరే. కప్పు కింద మాత్రం ఆరంగుళాల మేర ఎదురెదురు వైపుల ఖాళీ వదలాలి. దానికి సన్నకంతల ఇనుప వల బిగించాలి. లేదంటే ముంగిస, అడవిపిల్లి, పాము అదే దారిన వస్తాయి. చూరు అడుగున్నర ముందుకు దిగితే జల్లు లోపల పడదు.

కూర్చునే కర్ర విషయంలో చాలామంది పొరపడతారు. సన్నని గుండ్రటి కర్ర పెడితే కోడి వేళ్లు బిగించి పట్టుకోవాలి, వేళ్లు బయటే ఉండిపోతాయి. రెండంగుళాల వెడల్పున్న చెక్కను నున్నగా చేసి, అడుగున్నర ఎత్తులో పెడితే కాళ్ల మీద పొట్ట ఆనించి కూర్చుంటుంది. కోడికి ఎనిమిది నుంచి పదంగుళాల చోటు కావాలి.

కాళ్ల మీద నిలబెట్టిన గూడైతే, పలకల సందుల్లోంచి కింది గాలి పైకి తన్నుతుంది. చలి మూడు నెలలూ గూటి కాళ్ల చుట్టూ ఉత్తరం, పడమర వైపు గోనెలు వేలాడదీస్తే చాలు. గంప కింద కమ్మే ఇళ్లలో గంపను వాకిట్లో కాకుండా ఇంటి గోడవారన, చూరు కింద బోర్లించాలి. గోనె కప్పాల్సింది గాలివాటు వైపు, సగం ఎత్తు దాకా. గంప మొత్తాన్ని కప్పి, ఎగరకుండా పైన రాయి పెట్టే అలవాటు మానుకోవాలి.

జీడితొక్క జోలికి పోవద్దు

నేల మీద పొడి పరుపు మూడంగుళాల మందాన వేస్తే కింది చలి రాదు, రెట్ట తడిని అది పీల్చేస్తుంది. టెక్కలి వైపు వాళ్లకు మిల్లు ఊక, ఉద్దానంలో ఎండబెట్టిన కొబ్బరిపీచు పొట్టు... ఏది చౌకగా దొరికితే అది. రెండు రోజులకోసారి తిరగేయాలి. తడిసిన చోట తీసేసి కొత్తది వేయాలి. తీసిన పరుపు కొబ్బరి పాదులకు మంచి ఎరువు.

పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కల తొక్క సులువుగా దొరుకుతుంది కదా అని దాన్ని పరుపుగా వేయకూడదు. ఆ తొక్కలోని నూనె చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. పిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతులే అందుకు సాక్ష్యం. గూటి పక్కన తొక్కతో మంట వేయడమూ మంచిది కాదు. ఆ పొగ ఘాటు కోళ్ల గొంతుకు పనికిరాదు. మూసిన గూట్లో బొగ్గుల కుంపటి పెట్టడం మరీ ప్రమాదం. వాసనా రంగూ లేని విషవాయువు తెల్లారేసరికి గూడంతా ఖాళీ చేస్తుంది.

పిల్లల సంగతి వేరు

ఇప్పటిదాకా చెప్పింది ఎదిగిన కోళ్లకు. ఒంటినిండా ఈకలు రాని పిల్లలకు మాత్రం నిజంగానే వెచ్చదనం కావాలి. మొదటి వారం 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. తల్లికోడి రెక్కను మించిన పొయ్యి లేదు. తల్లి లేని పిల్లలకు బల్బు పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. వెనకటి పసుపు బల్బు వేడినిచ్చేది. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బు వెలుగే ఇస్తుంది, వేడి దాదాపు ఉండదు. పిల్లలు బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే చలి. దూరంగా పోయి నోళ్లు తెరుస్తుంటే ఉక్క. ఓ మూలకే చేరాయంటే... ఎదుటి మూల నుంచి గాలి కొడుతోందన్నమాట!

మేతా, మందూ

పొద్దు వాలే ముందు గుప్పెడు నూకలో, చోళ్లో, గంటెలో వేయాలి. నిండిన కడుపు రాత్రంతా కుంపటిలా పనిచేస్తుంది. తెల్లారి గోరువెచ్చని నీళ్లు పెడితే బాగా తాగుతాయి. డిసెంబరు మూడో వారంలో పగలు ఇక్కడ సుమారు 11 గంటలే. గుడ్లు బాగా పెట్టాలంటే కోడికి 14 గంటల వెలుగైనా కావాలి. కాబట్టి ఈ రోజుల్లో గుడ్లు తగ్గితే గూటిని తప్పు పట్టక్కర్లేదు.

ఎంత మంచి గూడైనా కొక్కెర తెగులును ఆపలేదు. 1920లలో ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లో, మన దేశంలో రాణిఖేత్‌లో గుర్తించిన ఈ వైరస్ ఊరిలో అడుగుపెడితే పెరళ్లు వరసగా ఖాళీ అవుతాయి. పచ్చని రెట్ట, మెడ వంకర తిరగడం దీని గుర్తులు. వచ్చాక మందు లేదు, రాకముందు టీకానే. పిల్లలకు మొదటివారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద సూది. పశువైద్యశాలలో అడిగి చలి ముదరకముందే వేయించుకోవాలి. పెరటికొక్కరు వేయిస్తే చాలదు. వీధంతా కలిసి ఒకేరోజు వేయిస్తే సీసాలోని మందు వృథా పోదు, తెగులుకు చోటూ దొరకదు.

తుపాను కబురొస్తే...

చివరిగా ఓ హెచ్చరిక. అక్టోబరు, నవంబరు గాలి వేరు, జనవరి గాలి వేరు. శీతగాలికి కట్టిన పట్టాలు తుపానుకు తెరచాపలవుతాయి. గూటిని కూడా ఎత్తుకుపోతాయి. కాబట్టి వాయుగుండాల కాలం ముగిశాకే పట్టాలు కట్టుకోవాలి. ఈలోపు తుపాను కబురొస్తే ఉన్నవి విప్పేయాలి. గూటి స్తంభాలను తాళ్లతో నేలలో పాతిన గుంజలకు బిగించాలి. కోళ్లను గంపల్లో పెట్టి ఇంట్లోకి తెచ్చుకోవాలి. తిత్లీ తెల్లవారుజామున కొట్టింది. ఆ వేళ లేచి గూడు వెతుక్కునే వీలు ఎవరికుంటుంది?

ఈ పనుల్లో దేనికీ పెద్ద ఖర్చు లేదు. నాలుగు కొబ్బరాకు తడికలు, రెండు గోనెలు, మూరెడు ఇనుప వల, ఓ అగరుబత్తీ. ఈ సాయంత్రమే గూడు దగ్గర కాసేపు కూర్చుంటే ఎక్కడ మూయాలో, ఎక్కడ తెరవాలో తెలిసిపోతుంది. పండక్కి పుంజు బలంగా కూయాలన్నా, కొంగుముడి బరువు తగ్గకుండా ఉండాలన్నా ముందు ఆ కప్పు కింది ఆరంగుళాల పాలిథిన్ చించేయాలి!